వీధి చివరి చిన్న బడిలో ఆరో తరగతి: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇరవై రెండేళ్లు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెప్పాను. ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. అయినా మార్చి నెల వచ్చిందంటే ఫోను మోగుతూనే ఉంటుంది. లిఫ్టులో, కూరగాయల బండి దగ్గర, పెళ్లి భోజనాల్లో అందరివీ అవే సందేహాలు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకురావడం కష్టంగా ఉండి ఇలా రాసిపెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. కేంద్ర చట్టాల సంగతి రెండు తెలుగు రాష్ట్రాలకూ వర్తిస్తుంది. తెలంగాణకే పరిమితమైన చోట ఆ మాట చెప్పాను.

## బడి వెతుకుతున్నప్పుడు

మిడిల్ స్కూల్ అని మన దగ్గర విడిగా ఉంటుందా?

దాదాపు ఉండదు. మన లెక్కలో ఐదు దాకా ప్రాథమిక, ఏడు లేదా ఎనిమిది దాకా ప్రాథమికోన్నత, పది దాకా ఉన్నత పాఠశాల. నర్సరీకి ఊరంతా తిరుగుతాం, పదో తరగతికి ప్రాణం పెడతాం, మధ్యలోని ఈ మూడేళ్లూ ఎలాగో గడిచిపోతాయనుకుంటాం. రుణసంఖ్యలు, బీజగణితం, సొంతంగా వ్యాసం రాయడం ఇప్పుడే మొదలవుతాయి. రాష్ట్ర సిలబస్‌లో ఎనిమిదికి వచ్చేసరికి సామాన్యశాస్త్రం భౌతిక, జీవశాస్త్రాలుగా విడిపోతుంది. ఇక్కడ నేను చిన్న బడి అంటున్నది ఆరు, ఏడు, ఎనిమిదిలో ఒక్కో సెక్షనే ఉండి, మొత్తం పిల్లలు రెండు మూడు వందలు దాటని బడిని.

గుర్తింపు ఉందో లేదో మాలాంటి వాళ్లకు ఎలా తెలుస్తుంది?

దేశంలోని బడుల వివరాలన్నీ నమోదు చేసే కేంద్ర వ్యవస్థ పేరు యూడైస్. అందులో ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. తెలంగాణ బడుల కోడ్ 36తో, ఆంధ్రప్రదేశ్‌వి 28తో మొదలవుతాయి. ఆ కోడ్ అడిగి తీసుకుని, కేంద్ర విద్యాశాఖ వారి 'నో యువర్ స్కూల్' పోర్టల్‌లో కొడితే బడి వివరాలు వస్తాయి.

అంతటితో ఆగకండి. గుర్తింపు ఉత్తర్వు కాపీ చూపించమనండి. ఏ తరగతి దాకా ఇచ్చారు, ఏ సంవత్సరం దాకా చెల్లుతుంది, ఏ మాధ్యమానికి, ఏ చిరునామాకు అన్నవి చదవండి. ఏడో తరగతి దాకానే గుర్తింపు ఉండి, గేటు మీద 'పదో తరగతి వరకు' అని రాసుకునే బడులున్నాయి. అక్కడ పిల్లలు కూర్చునేది ఒక బడిలో, పేర్లు నడిచేది మరో బడి రిజిస్టరులో. నాకు తెలిసిన ఒక కుటుంబానికి ఆ సంగతి పదో తరగతి హాల్‌టికెట్ మీద ఎప్పుడూ వినని బడి పేరు చూసిన రోజున తెలిసింది. గుర్తింపు లేకుండా బడి నడిపితే విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. జరిమానా బడికి పడుతుంది, ఇబ్బంది పిల్లలకు మిగులుతుంది.

బోర్డు మీద 'సీబీఎస్‌ఈ ప్యాటర్న్' అని ఉంది. అంటే సీబీఎస్‌ఈయే కదా?

కాదు. ప్యాటర్న్ అనే మాట కనిపించిన చోట అనుబంధం లేదనే అనుకుని మొదలుపెట్టండి. సీబీఎస్‌ఈ అనుబంధం ఉన్న బడికి ఒక సంఖ్య ఉంటుంది. బోర్డు వెబ్‌సైట్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. అలాంటి బడి తన వెబ్‌సైట్‌లో టీచర్లు, భవనం, ఫలితాల వివరాలు తప్పనిసరిగా పెట్టాలి కూడా. పుస్తకాలు మాత్రం సీబీఎస్‌ఈవి కొనిపించి, పిల్లలతో చివరికి రాష్ట్ర బోర్డు పరీక్ష రాయించడం నేరమేమీ కాదు. ఆ మాట ముందే చెప్పారా, మీరు అడిగాక చెప్పారా అన్నది చూసుకోండి.

క్లాసులో పన్నెండు మందే ఉన్నారట. అంత తక్కువ ఉంటే మంచిదే కదా?

కొంతవరకు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక టీచరైనా ఉండాలని విద్యాహక్కు చట్టం అంటుంది. నా అనుభవంలో పదిహేను నుంచి ముప్పై దాకా ఉన్న తరగతి హాయిగా నడుస్తుంది. పది లోపైతే పిల్లలకు పోటీ పడటానికీ, పోట్లాడి మళ్లీ కలవడానికీ మనుషులు చాలరు. కబడ్డీకి రెండు జట్లు కట్టాలన్నా పద్నాలుగు మంది కావాలి.

ఈ ఏడాది సంఖ్య ఒక్కటే చూస్తే బోధపడదు. ఐదులో ఎంతమంది, ఏడులో ఎంతమంది, ఎనిమిదిలో ఎంతమంది అని వరుసగా అడగండి. ఏడులో 28 మంది ఉండి ఎనిమిదిలో 9 మందే ఉంటే, పాత తల్లిదండ్రులు ఏదో చూసి పిల్లలను తీసుకెళ్లారన్నమాట. ఆ వెళ్లిపోయిన ఇళ్లలో ఒకరిద్దరిని పట్టుకోగలిగితే మీకు ఈ పేజీ అవసరమే ఉండదు.

పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీ చూసి నిర్ణయించుకోవచ్చా?

ఫ్లెక్సీ మీద నాలుగు ఫొటోలుంటాయి. ఎంతమంది పరీక్ష రాశారో ఉండదు. ఆ నలుగురూ ఆరో తరగతి నుంచీ అదే బడిలో చదివారా, తొమ్మిదిలో వచ్చి చేరారా అని అడగండి. ఆరులో చేరి పది దాకా ఉండి, మధ్యస్థమైన మార్కులతో పాసైన పిల్లలు ఎందరున్నారో అది ఆ బడి అసలు పనితనం.

## వెళ్లి చూసేటప్పుడు

ఎప్పుడు వెళితే బడి అసలు రూపం కనిపిస్తుంది?

ఏప్రిల్ చివర్లో సెలవులు ఇచ్చాక వెళితే మీకు కనిపించేది కొత్త రంగు వేసిన గోడలు మాత్రమే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో, మామూలు పని రోజున, భోజన విరామానికి పది నిమిషాల ముందు వెళ్లండి. గంట కొట్టాక పిల్లలు మెట్లు దిగే తీరు, టీచర్లు ఎక్కడ నిలబడ్డారు, డబ్బాలు తెచ్చుకోని పిల్లలు ఏం చేస్తున్నారు, గొడవ వస్తే ఎవరు తీరుస్తున్నారు, ఇవన్నీ ఆ అరగంటలో తెలుస్తాయి. సాయంత్రం బడి వదిలే వేళ గేటు బయట నిలబడటం కూడా మంచిదే. ఆటోల్లో పిల్లలను ఎలా కుక్కుతున్నారో, ఎవరైనా దగ్గరుండి ఎక్కిస్తున్నారో చూడవచ్చు. బడి బస్సు ఉంటే ఫిట్‌నెస్ ఎప్పుడు చేయించారో అడగండి. ఏటా మే 15తో పాతది ముగుస్తుంది, జూన్‌లో బడి తెరిచేలోగా కొత్తది రావాలి.

పాఠం జరిగేటప్పుడు లోపలికి రానివ్వరు. చదువు ఎలా చెబుతారో మాకెలా తెలుస్తుంది?

నోటు పుస్తకాలు అడగండి. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే నేను దీన్నే గుర్తుంచుకోమంటాను.

మొదట వాళ్లు ఆశ్చర్యపోతారు, తర్వాత ఇస్తారు. ఇచ్చేది క్లాసులో మొదటి ర్యాంకు అమ్మాయి పుస్తకమే అయి ఉంటుంది. అందులో చూడటానికేమీ ఉండదు, ఆ అమ్మాయి ఏ బడిలో వేసినా అలాగే రాస్తుంది. "మధ్యస్థంగా చదివే పిల్లలవి నాలుగైదు ఇవ్వండి, ఒకే సబ్జెక్టువి" అనండి. పక్కపక్కన పరిచి చూడండి.

తెలుగు పుస్తకంలో 'సొంత వాక్యాలు రాయండి' అన్న చోటికి వెళ్లండి. ఐదుగురూ ఒకే వాక్యం రాసి ఉంటే అది పిల్లల సొంతం కాదు, బోర్డు మీది వాక్యం. సైన్సులో ఆకు బొమ్మ ఉంటుంది. ఐదు బొమ్మలూ ఒక్కలాగే ఉంటే గైడులోంచి దించారు. తేడాగా, కాస్త వంకరగా ఉంటే పిల్లలు నిజంగా ఆకు చూసి వేశారు. సాంఘిక శాస్త్రం జవాబులు అక్షరం పొల్లుపోకుండా కలిస్తే చెప్పి రాయించినవే.

లెక్కల పుస్తకంలో ఎర్ర సిరా ఎక్కడ పడిందో చూడండి. తప్పు జవాబు మీద పెద్ద గుండు చుట్టి వదిలేయడం ఒక రకం. మూడో మెట్టు దగ్గర ఆగి, అక్కడ గీత గీసి, 'గుర్తు మారింది చూడు' అని రాయడం ఇంకో రకం. ఆ కింద పిల్లవాడు మళ్లీ చేశాడా, దాన్ని మళ్లీ చూశారా? తప్పు లెక్క మీదే టిక్కు పడి ఉంటే, పుస్తకాలు కట్టగా పెట్టుకుని సంతకాలు చేసుకుంటూ పోయారన్నమాట. నేనూ ఒకటి రెండు సార్లు చేశాను, అలసటలో. ప్రతి పేజీలో అదే ఉంటే అది అలసట కాదు.

తేదీలు కూడా చూడండి. మధ్యలో మూడు వారాలు ఖాళీ ఉంటే ఆ సబ్జెక్టుకు అప్పుడు టీచరు లేరు.

టీచర్ల గురించి ఏమని అడగాలి? డిగ్రీలు అడిగితే బాగుండదేమో?

నిస్సంకోచంగా అడగండి. టీచర్ల అర్హతలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2010లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చెప్పేవారికి డిగ్రీ, బీఈడీ వంటి శిక్షణ, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) రెండో పేపరులో అర్హత ఉండాలి. చిన్న బడుల్లో ఆ మూడూ ఉన్నవారు కొందరే ఉంటారు. నిబంధన నిబంధనే అయినా, బీఈడీ లేకుండా బంగారంలా చెప్పినవారిని నేను చూశాను. అందుకే డిగ్రీ కంటే ముందు వేరే ప్రశ్న వేస్తాను: "నిరుడు ఏడో తరగతికి లెక్కలు చెప్పినవారు ఇప్పుడున్నారా? అంతకుముందు ఏడాది ఎవరు?" పెద్ద బడిలో ఒక టీచరు వెళితే మరో సెక్షన్ వారు సర్దుతారు. చిన్న బడిలో లెక్కల టీచరు ఒక్కరే. ఆమె నవంబరులో మానేస్తే మూడు తరగతులకూ లెక్కలు ఆగిపోతాయి.

తర్వాత కాగితం మీద ఒక లెక్క వేయండి. రోజుకు 8 పీరియడ్లు, వారానికి 6 రోజులు, అంటే ఒక తరగతికి 48. మూడు తరగతులకు 144. ఒక్కొక్కరు 36 తీసుకుంటే నలుగురు టీచర్లు కావాలి. సబ్జెక్టులేమో తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, సాంఘికం కలిసి ఆరు. కాబట్టి ఎవరో ఒకరు రెండు చెబుతారు. ఏవి రెండు? లెక్కలు, సైన్సు ఒకరే చెబితే నడుస్తుంది. హిందీ, సైన్సు ఒకరే అంటే టైంటేబులు నింపడానికి చేసిన సర్దుబాటు. ముగ్గురితోనే నెట్టుకొస్తుంటే వారానికి 48 పీరియడ్లూ చెబుతూ ఆ మనిషి నోటు పుస్తకాలు ఎప్పుడు దిద్దాలి?

మైదానం లేదు. ఆ ఒక్క కారణానికి వదిలేయాలా?

చట్టం ఆట స్థలం ఉండాలంటుంది. నగరం నడిబొడ్డున అద్దె భవనంలో ఉన్న బడికి అది గగనం. వదిలేయకండి, ప్రశ్న మార్చండి. దగ్గరలోని కార్పొరేషన్ మైదానానికి తీసుకెళతారా, ఏ రోజుల్లో, వెంట ఎవరుంటారు? పీఈటీ పేరేమిటి? ఆ పేరు చెప్పడానికి తడుముకుంటే ఆటల పీరియడ్‌లో కూడా లెక్కలు చెబుతున్నారని అర్థం చేసుకోవచ్చు. ఆ దోషంలో నాకూ భాగముంది.

ఆరో తరగతి మూడో అంతస్తులో ఉంది, మెట్లు ఇరుకు. నేను మరీ భయపడుతున్నానా?

భయపడాల్సిన విషయమే. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు బడిలో వంటశాల నుంచి మంటలు రేగి 94 మంది పిల్లలు చనిపోయారు. అది ఇరుకైన మెట్లున్న, కిక్కిరిసిన భవనం. ఆ ఘటన నేపథ్యంలోనే 2009లో సుప్రీంకోర్టు బడులన్నీ అగ్ని భద్రత నిబంధనలు పాటించాలని తీర్పు ఇచ్చింది.

మీరు వెళ్లినప్పుడు రెండో దారి ఉందా, ఉంటే దానికి తాళం వేసి ఉందా అని చూడండి. మెట్ల కింద పాత బల్లలు, సైకిళ్లు పేర్చారా? మంటలార్పే సిలిండర్ మీద నింపిన తేదీ ఏమిటి? కిటికీలకు ఊచలు ఉంటే ఒక్క కిటికీ అయినా తెరుచుకుంటుందా? జవాబులు నచ్చకపోతే ఫీజు ఎంత తక్కువైనా అక్కడ చేర్చవద్దు. మిగతా లోపాలకు నేను సర్దుకోమంటాను, దీనికి అనను.

మా అమ్మాయికి పదకొండేళ్లు. బాత్రూముల గురించి అడగాలంటే మొహమాటంగా ఉంది.

అడగకండి, వెళ్లి చూడండి. "ఒకసారి వాడుకోవచ్చా" అంటే ఎవరూ కాదనరు. అమ్మాయిలకు విడిగా ఉందా, లోపల గడియ పడుతుందా, నీళ్లు వస్తున్నాయా, మూత ఉన్న చెత్తబుట్ట ఉందా? ఈ మూడేళ్లలోనే చాలామందికి నెలసరి మొదలవుతుంది. బాత్రూము బాగాలేని బడిలో అమ్మాయిలు పొద్దుట నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. నా క్లాసులో మధ్యాహ్నానికి తలనొప్పి అనే పిల్లలు ఎక్కువగా అమ్మాయిలే. కారణం నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆరు నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. లేకపోతే వెనకబడతాడా?

జేఈఈ రాసేది ఇంకో ఆరేళ్లకు. ఫౌండేషన్ పేరుతో తెచ్చే పుస్తకాల్లో తొమ్మిదో తరగతి లెక్కలు ఆరో తరగతి వాడికి సూత్రాలుగా వస్తాయి. సూత్రం తెలిసిన పిల్లవాడు రుణసంఖ్యల తీసివేత దగ్గర తడబడటం నేను ఏళ్ల తరబడి చూశాను. ఆ పీరియడ్లు ఎక్కడి నుంచి తీశారో అడగండి. లైబ్రరీ, ఆటలు, బొమ్మలు వేయడం నుంచే తీసి ఉంటారు.

ల్యాబు, లైబ్రరీ ఉండాలా?

ఈ తరగతులకు పెద్ద ల్యాబు అక్కర్లేదు. అయస్కాంతం, భూతద్దం, బ్యాటరీ, బల్బు పిల్లల చేతికి వచ్చాయా అన్నది చాలు. లైబ్రరీలో అద్దాల బీరువా చూపిస్తే పుస్తకాలు ఇచ్చిన రిజిస్టరు చూపించమనండి.

## ఫీజు మాట వచ్చినప్పుడు

ఫీజు తక్కువంటే చదువు కూడా తక్కువేనా?

అలా అనలేం కానీ, డబ్బు ఎక్కడికి పోతోందో తెలుసుకోవచ్చు. 1994 జనవరి 1న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీఓ నంబరు 1 ప్రకారం ప్రైవేటు బడి తన ఆదాయంలో సగం జీతాలకు, 15 శాతం భవిష్యనిధి, గ్రాట్యుటీ, బీమా వంటి వాటికి, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి ఖర్చు చేసి, యాజమాన్యం 5 శాతం మాత్రమే తీసుకోవాలి.

ఉదాహరణకు 180 మంది పిల్లలు, ఏడాదికి 30,000 ఫీజు అనుకోండి. మొత్తం 54 లక్షలు. సగం 27 లక్షలు. పదిహేను మంది సిబ్బందికి పంచితే తలా నెలకు 15,000. నిబంధన తుచ తప్పకుండా పాటించిన బడిలోనే ఇంత. భవనం అద్దె పెరిగితే కోత మొదట పడేది జీతం మీదే. టీచర్లు ఏటా ఎందుకు మారతారో ఈ లెక్కలోనే ఉంది. వేసవి సెలవుల్లో జీతం ఇస్తారా అని ఆఫీసులో కాకుండా టీచర్లనే అడగండి. ఇచ్చే బడిలో మనుషులు నిలుస్తారు.

డొనేషన్ అడిగారు, పిల్లవాడికి ప్రవేశ పరీక్ష కూడా పెడతామన్నారు. ఇది సరైనదేనా?

రెండూ చట్టవిరుద్ధం. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ క్యాపిటేషన్ ఫీజునూ (డొనేషన్‌కు చట్టం పెట్టిన పేరు), చేర్చుకోవడానికి పిల్లలను వడపోయడాన్నీ నిషేధించింది. డబ్బు తీసుకుంటే దానికి పది రెట్ల దాకా జరిమానా. పరీక్ష పెడితే మొదటిసారి 25,000 దాకా, తర్వాత ప్రతిసారీ 50,000 దాకా. సీటు ఇచ్చేశాక, పిల్లవాడు ఏ స్థాయిలో ఉన్నాడో తెలుసుకోవడానికి ఒక కాగితం రాయిస్తే అది వేరు. దాన్ని నేను మెచ్చుకుంటాను కూడా.

చెప్పిన ఫీజు ఒకటి, చివరికి కట్టేది ఒకటి అవుతోంది. ఎలా?

ట్యూషన్ ఫీజు, టర్మ్ ఫీజు, పరీక్ష ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, వార్షికోత్సవం, విహారయాత్ర, ఆటో. అన్నీ ఒకే కాగితం మీద రాసి ముద్ర వేసి ఇవ్వమనండి. నోటిమాట జూన్ దాటి నిలవదు.

## చేర్చేటప్పుడు

పాత బడి టీసీ ఇచ్చింది. అయినా 'పెన్ రాలేదు' అని తిప్పుతున్నారు. పెన్ అంటే ఏమిటి?

యూడైస్‌లో ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత సంఖ్య అది. పాత బడివారు మీ పిల్లవాడు వెళ్లిపోయినట్టు ఆన్‌లైన్‌లో నమోదు చేసి, బడి మారే పిల్లల జాబితా అయిన డ్రాప్‌బాక్స్‌లోకి పంపితే తప్ప కొత్త బడి తన జాబితాలోకి తీసుకోలేదు. టీసీ చేతికి తీసుకునే రోజునే ఆఫీసులో కూర్చుని ఆ పని చేయించుకోండి. జూన్‌లో అదే గుమాస్తా దొరకడం గగనం.

పేరు స్పెల్లింగు ఆధార్‌లో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి ఉంది. తర్వాత మార్చుకోవచ్చా?

ఇప్పుడే మార్చుకోండి. ప్రవేశ రిజిస్టరులో రాసిన పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్కడి నుంచి పదో తరగతి పరీక్ష రాసేవారి జాబితా అయిన నామినల్ రోల్‌లోకి, ఆ తర్వాత మెమోలోకి వెళతాయి. జీవితాంతం పుట్టిన తేదీకి ఆ మెమోనే చూపిస్తాం. ఆరో తరగతిలో జనన ధ్రువీకరణ పత్రం చూపి దిద్దించుకుంటే అరగంట పని. మెమో వచ్చాక దిద్దించుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. పుట్టుమచ్చలు కూడా సరిగా రాయించండి, నవ్వులాటగా అనిపించినా.

తెలుగు మీడియంలో ఐదు దాకా చదివాడు. ఆరులో ఇంగ్లిష్ మీడియంలో వేస్తే నెగ్గుకొస్తాడా?

వస్తాడు, మొదటి ఏడాది మార్కులు చూసి కంగారుపడకపోతే. లెక్కల్లో పెద్ద తేడా రాదు. సైన్సు, సాంఘికంలోనే పదాల బరువు పడుతుంది. ఇక్కడ చిన్న బడికి మేలైన వీలుంది: 'కిరణజన్య సంయోగక్రియ' అని ఒకసారి తెలుగులో చెప్పి తర్వాత ఇంగ్లిష్ మాట చెప్పే టీచరు ఉంటే చాలు. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడి అయితే ఈ పిల్లవాడిని అక్కడ వేయకండి.

మాది ఉద్యోగరీత్యా వేరే రాష్ట్రం. తెలంగాణలో తెలుగు తప్పనిసరా?

2018 నాటి చట్టం ప్రకారం ఒకటి నుంచి పది దాకా అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు బోధించాలి. ఆ ఏడాది ఒకటి, ఆరు తరగతులతో మొదలుపెట్టారు. అక్షరాలు రాని పిల్లలకు విడిగా ఎవరు కూర్చోబెట్టి నేర్పుతారో అడగండి.

ప్రభుత్వ బడి నుంచి ప్రైవేటుకు మారిస్తే ఏమైనా కోల్పోతామా?

ఉచిత పుస్తకాలు, మధ్యాహ్న భోజనం సంగతి తెలిసిందే. చాలామందికి తెలియనిది ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనం. ఎనిమిదో తరగతిలో రాసే ఈ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తుంది. కుటుంబ ఆదాయం 3.5 లక్షలు దాటకూడదు. ప్రైవేటు బడి పిల్లలకు అర్హత లేదు. చురుకైన పిల్ల అయి, దగ్గరలోని ప్రభుత్వ బడిలో సబ్జెక్టు టీచర్లందరూ ఉంటే మార్చకపోవడమే మంచిదని నేను చాలామందికి చెప్పాను. వినలేదు, అది వేరే సంగతి.

మా వాడు అక్షరాలు తారుమారు చేస్తాడు, చదవడం కష్టం. చిన్న బడి నయమా?

తరచుగా నయమే, టీచరుకు పేరుతో సహా తెలుస్తాడు కాబట్టి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఇలాంటి అభ్యసన ఇబ్బందులూ ఉన్నాయి. 'వేరే బడి చూసుకోండి' అని సున్నితంగా చెప్పే చోటికి వెళ్లవద్దు. నోటితో జవాబు చెప్పనిస్తారా, ఎక్కువ సమయం ఇస్తారా అని అడగండి.

## చేరిన తర్వాత

మొదటి రెండు నెలల్లో ఏమి గమనించాలి?

"బడి ఎలా ఉంది" అంటే "బాగుంది" అంటారు, అంతే. "ఇవాళ లెక్కల పీరియడ్‌లో బోర్డు దగ్గరికి ఎవరు వెళ్లారు?" అని అడిగి చూడండి. ఎప్పుడూ అవే రెండు పేర్లు వస్తే మిగతా ఇరవై మంది గోడ బొమ్మలు. ఫార్మేటివ్ పరీక్షలు అయ్యాక ప్రాజెక్టు పనికి ఎన్ని మార్కులు వేశారో చూడండి. ప్రాజెక్టే చేయకుండా నిండు మార్కులు పడ్డాయంటే ఆ రిజిస్టరు బల్ల ముందు కూర్చుని నింపింది.

టీచరు కొట్టారు. గొడవ చేస్తే పిల్లవాడిని ఇంకా ఇబ్బంది పెడతారేమో?

శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. మొదట ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి, అదే రోజు రెండు వాక్యాల ఉత్తరం రాసి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. ఉత్తరం చేరాక సాధారణంగా పద్ధతి మారుతుంది. మారకపోతే జిల్లా విద్యాధికారి కార్యాలయం. లైంగిక వేధింపు అనుమానం ఉంటే బడితో చర్చలు పెట్టుకోకుండా నేరుగా పిల్లల సహాయ ఫోను నంబరు 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పండి.

సంచి మోయలేకపోతున్నాడు. పరిమితి ఏమైనా ఉందా?

తెలంగాణలో 2017లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆరు, ఏడు తరగతులకు 4 కిలోలు, ఎనిమిదికి 4.5 కిలోలు. కిరాణా కొట్టు కాటా మీద ఒకసారి పెట్టి చూడండి.

ఎనిమిదిలో ఫెయిల్ చేస్తారా?

2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో అలా ఆపే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆపేముందు అదనంగా చదువు చెప్పి, రెండు నెలల్లోగా మళ్లీ పరీక్ష పెట్టాలి. ఎనిమిది పూర్తయ్యే దాకా బడి నుంచి పంపేయడానికి వీల్లేదు.

## మారాల్సి వస్తే

మార్చాలంటే ఏ తరగతి తర్వాత మార్చడం మేలు?

ఎనిమిది అయ్యాక. సీబీఎస్‌ఈలో తొమ్మిదిలోనే బోర్డుకు పేర్లు నమోదు చేస్తారు. ఆ తర్వాత కదలడం కష్టం. మధ్యలో డిసెంబరులో మార్చడం పిల్లల భద్రతకు సంబంధించిన కారణముంటే తప్ప వద్దు.

ఫీజు బాకీ ఉందని టీసీ ఆపేశారు. ఏం చేయాలి?

ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారుతుంటే విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ మీ పక్షాన ఉంది. ప్రధానోపాధ్యాయులు వెంటనే టీసీ ఇవ్వాలి, అది రాలేదన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. ప్రైవేటు నుంచి ప్రైవేటుకైతే రాతపూర్వకంగా వాయిదాలు అడిగి, ఆ కాగితంతో మండల విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లండి.

బడి మూసేస్తారని వింటున్నాం. మూసేస్తే పిల్లవాడి రికార్డులు ఏమవుతాయి?

చిన్న బడి విషయంలో నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టేది ఇక్కడ. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి లోపు కనీసం నాలుగేళ్లు ఏ ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతపు స్థానికులుగా ఉద్యోగాలకు లెక్కిస్తారు. రుజువు బడి ఇచ్చే బోనఫైడ్, అంటే ఇక్కడ చదివాడన్న ధ్రువపత్రం. పదేళ్ల తర్వాత నోటిఫికేషన్ పడినప్పుడు వెళితే బడి ఉన్న చోట బట్టల దుకాణం ఉంటుంది. నా పాత విద్యార్థి ఒకడు అలాగే వచ్చి, "మీరు చెప్పారని రాసిస్తే చెల్లుతుందా టీచర్" అని అడిగాడు. చెల్లదు.

అందుకే ప్రతి ఏప్రిల్‌లో, మార్కుల కార్డుతో పాటు ఆ ఏడాది బోనఫైడ్ కూడా తీసుకోండి. దాని మీద ప్రవేశ సంఖ్య, యూడైస్ కోడ్, విద్యా సంవత్సరం, ముద్ర, ప్రధానోపాధ్యాయుల సంతకం ఉండాలి. ఫొటో తీసి ఉంచుకోండి, కాగితం రేషన్ కార్డు పక్కన దాచండి. మూసేస్తున్నారని కచ్చితంగా తెలిస్తే, రికార్డులు ఏ కార్యాలయానికి అప్పగిస్తున్నారో ఆ వివరం కూడా రాయించుకుని అదే కవరులో పెట్టండి.